కీ సరైనదే, లాగిన్ మాత్రం అవదు: లినక్స్ కంప్యూటర్‌లో ఎస్ఎస్‌హెచ్ చిక్కు విప్పడం ఎలా

రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. విశాఖ గాజువాకలో ఒక రవాణా ఆఫీసు సర్వర్ చూసుకునే కుర్రవాడు. "సార్, నిన్నటి దాకా బాగానే లోపలికి వెళ్లాను. ఇప్పుడు పర్మిషన్ డినైడ్ అంటోంది. కీ మార్చలేదు, ఏమీ ముట్టుకోలేదు." అతను వాడేది ఎస్ఎస్‌హెచ్, అంటే దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి నెట్‌వర్క్ మీదుగా భద్రంగా లాగిన్ అయ్యే సాధనం. నేనుండేది మధురవాడలో. హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్ఏడీ కూడలి దాటి నగరానికి ఆ కొసదాకా వెళితే తప్ప ఆ కంప్యూటర్ ముందు కూర్చోలేను. కుండపోత వాన. ఉన్నచోటు నుంచే కారణం పట్టుకోవాలి. పట్టుకున్నాం, కానీ నలభై నిమిషాలు పట్టింది. అందులో అరగంట వరుస తప్పి వెతకడంలోనే పోయింది. ఆ అరగంట మీకు పోకూడదని ఇది రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. కమాండ్లను నేను ఫోనులో చెప్పే పద్ధతిలోనే, పలికినట్టుగా రాస్తాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరం కావలసిన చోట ఆ సంగతి విడిగా చెబుతాను.

కారణం ఎవరి దగ్గర ఉంటుంది?

కీతో లాగిన్ అవడమంటే బ్యాంకులో చెక్కు మార్చుకోవడం లాంటిదే. మీ ల్యాప్‌టాప్‌లోని ప్రైవేట్ కీతో మీరు సంతకం చేస్తారు. సర్వర్‌లో ముందే ఇచ్చి ఉంచిన పబ్లిక్ కీ మీ నమూనా సంతకం. గుమాస్తా ఆ నమూనా తీసి, చెక్కు మీద సంతకంతో పోల్చి చూసి, సరిపోతేనే డబ్బిస్తాడు. ప్రైవేట్ కీ ఎప్పుడూ మీ కంప్యూటర్ దాటి వెళ్లదు, దానితో చేసిన సంతకం మాత్రమే వెళుతుంది. నమూనా కార్డు కనిపించకపోయినా, చిరిగిపోయినా, దారిన పోయేవాళ్లెవరైనా దిద్దగలిగే చోట పడి ఉన్నా గుమాస్తా చెక్కు తిప్పి పంపుతాడు. మనకు ఎదురయ్యే చిక్కుల్లో చాలాభాగం ఈ మూడింటిలోకే వస్తాయి.

అయితే ఈ గుమాస్తా కారణం బయటివాళ్లకు చెప్పడు. ‘ఆ పేరుతో ఇక్కడ ఎవరూ లేరు’, ‘పేరు సరే, ఫోల్డర్ అనుమతులు బాగాలేవు’ అని విడివిడిగా చెబితే దొంగకు సగం దారి చూపినట్టే. అందుకే అన్నిటికీ కలిపి ఒకటే మాట: పర్మిషన్ డినైడ్. నిజమైన కారణాన్ని తన చిట్టాలో, అంటే సర్వర్ లాగ్‌లో రాసుకుంటాడు. మన కుర్రవాళ్లు ల్యాప్‌టాప్ తెర మీది ఆ రెండు మాటలనే చూస్తూ కీలు చెరిపేసి, కొత్తవి పుట్టించి, మళ్లీ చెరిపేస్తూ గంటలు గడుపుతారు. కాదన్నవాణ్ని అడగాలి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే, మిగతాదంతా ఎలా అడగాలన్నదే.

ఎస్ఎస్‌హెచ్ ఇంత పట్టుదలగా ఉండటానికి దాని పుట్టుకే కారణం. 1995లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు దొంగచాటుగా పట్టే దాడి జరిగింది. అది చూసి తాతు యులోనెన్ అనే పరిశోధకుడు దీన్ని రాశారు. ఈ రోజు మనం లినక్స్‌లో వాడేది 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం మొదలుపెట్టిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్.

తెరిచి ఉన్న విండోను మూయకండి

సర్వర్‌లోకి ఇప్పటికే ఒక విండోలో లాగిన్ అయి ఉంటే, పని పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. ఎస్ఎస్‌హెచ్ సేవను రీస్టార్ట్ చేసినా ఆ పాత లాగిన్ తెగిపోదు. ప్రతి ప్రయత్నమూ రెండో విండో నుంచే చేయండి. పాతది మూసేసి, కొత్తది తెరుచుకోక, తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరినవాళ్లు నాకు తెలుసు.

లోపలికి ఏ దారీ లేకపోతే, ఆ కంప్యూటర్‌కు కీబోర్డు, మానిటర్ తగిలించి ఎదురుగా ఒక మనిషిని కూర్చోబెట్టాలి. క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న యంత్రమైతే, ఆ సంస్థ వెబ్ పేజీలో ‘కన్సోల్’ అనే సదుపాయం ఉంటుంది. అది ఎస్ఎస్‌హెచ్‌తో నిమిత్తం లేకుండా పనిచేస్తుంది, కానీ చాలా చోట్ల పాస్‌వర్డ్ అడుగుతుంది. అవసరం పడకముందే ఒకసారి తెరిచి, ఆ పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో చూసి పెట్టుకోండి.

ఇది నిజంగా కీ సమస్యేనా?

తెర మీద వచ్చిన మాటను పూర్తిగా చదవండి. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటే మీ పిలుపు అక్కడికి చేరలేదు, లేదా మధ్యలో ఫైర్‌వాల్ నోరెత్తకుండా మింగేసింది. విశాఖలో ఈదురుగాలి వీచిన రోజున ఇది వస్తే, ముందు అక్కడ కరెంటు, ఇంటర్నెట్ ఉన్నాయేమో ఫోను చేసి అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక నగరంలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు కీ ఎంత మంచిదైనా చేసేదేమీ లేదు. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అంటే సాధారణంగా కంప్యూటర్ ఉంది కానీ, 22వ పోర్టు (ఎస్ఎస్‌హెచ్ మామూలుగా వాడే ద్వారం) దగ్గర పలికేవాళ్లు లేరు: సేవ ఆగిపోయి ఉండవచ్చు, పోర్టు నంబరు మార్చి ఉండవచ్చు.

‘హోస్ట్ కీ వెరిఫికేషన్ ఫెయిల్డ్’ వేరే సంగతి. అక్కడ సర్వర్ మిమ్మల్ని కాదనలేదు, మీ కంప్యూటరే సర్వర్‌ను గుర్తుపట్టలేదు. ఆ సర్వర్‌లో లినక్స్ కొత్తగా ఎక్కించారని మీకు ఖాయంగా తెలిస్తే, ‘ఎస్ఎస్‌హెచ్-కీజెన్’, పెద్ద అక్షరం ‘హైఫన్ ఆర్’, సర్వర్ పేరు కొట్టి పాత గుర్తును తొలగించండి. తెలియకపోతే ఆగి, ఎవరైనా మార్చారేమో కనుక్కోండి. ఈ హెచ్చరికను చదవకుండా దాటేయడం మంచి అలవాటు కాదు.

‘పర్మిషన్ డినైడ్’ పక్కన ‘పబ్లిక్‌కీ’ అని కనిపిస్తే, మీరు సరైన వ్యాసమే చదువుతున్నారు.

మీ వైపు ఏం జరుగుతోందో చూడండి

ఎప్పుడూ కొట్టే ఎస్ఎస్‌హెచ్ కమాండ్‌లోనే, ఎస్ఎస్‌హెచ్ తర్వాత ‘హైఫన్ వీ’ చేర్చండి. ఇంకా వివరం కావాలంటే వీ మూడు సార్లు. పెద్ద చిట్టా పరుగెడుతుంది, కంగారు పడకండి. అందులో మీకు కావలసినవి రెండే వాక్యాలు: ‘ఆఫరింగ్ పబ్లిక్ కీ’, ‘సర్వర్ యాక్సెప్ట్స్ కీ’.

‘ఆఫరింగ్’ వాక్యంలో మీరు అనుకున్న కీ పేరు లేకపోతే తప్పు మీ వైపే ఉంది. ఫైలు పేరు తప్పయి ఉండవచ్చు. లేదా ప్రైవేట్ కీని ఇతరులు కూడా చదవగలిగేలా ఉందని ఎస్ఎస్‌హెచ్ దాన్ని పక్కన పెట్టి ఉండవచ్చు. అప్పుడు ‘అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్’ అని పెద్ద అక్షరాలతో @ గుర్తుల వరుసల మధ్య హెచ్చరిక వస్తుంది. ‘సీహెచ్‌మోడ్ 600’, ఆ ఫైలు పేరు కొడితే సరిపోతుంది: ఇక మీరు తప్ప ఇతరులు దాన్ని చదవలేరు, రాయలేరు. కీ పెన్‌డ్రైవ్‌లో ఉంటే మాత్రం సరిపోకపోవచ్చు. విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ మీద లినక్స్ అనుమతులు నిలవవు. కీని మీ హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని అక్కడ 600 పెట్టండి.

‘ఆఫరింగ్’ ఉండి ‘యాక్సెప్ట్స్’ లేకపోతే, నమూనా సంతకం సర్వర్‌కు దొరకలేదు, లేదా దొరికినా అది నమ్మలేదు. రెండూ ఉండి కూడా లోపలికి పోలేదంటే, సంతకం చేయడంలోనో, ఆ తర్వాత ఖాతా దగ్గరో తేడా ఉంది. కీలను మీ తరఫున పట్టుకుని ఉండే ఏజెంట్ అనే ప్రోగ్రాం సంతకం చేయనని మొరాయిస్తే ‘ఏజెంట్ రిఫ్యూజ్డ్ ఆపరేషన్’ అని అక్కడే రాసి ఉంటుంది.

ఇక్కడే మీ యూజర్ పేరు కూడా సరిచూసుకోండి. పేరు ఇవ్వకుండా సర్వర్ చిరునామా ఒక్కటే కొడితే, మీ ల్యాప్‌టాప్‌లో మీకున్న పేరుతోనే ఎస్ఎస్‌హెచ్ అక్కడికి వెళుతుంది. క్లౌడ్‌లోని ఉబుంటు యంత్రాల్లో పేరు మామూలుగా ‘ఉబుంటు’, అమెజాన్ లినక్స్‌లో ‘ఈసీ2-యూజర్’. పేరు తప్పయినా వచ్చేది అదే పర్మిషన్ డినైడ్. కొత్తవాళ్ల విషయంలో నేను మొదట అడిగేది ఇదే.

సర్వర్ చిట్టా తెరవండి

డెబియన్, ఉబుంటులలో లాగ్ ఫైలు ‘స్లాష్ వార్ స్లాష్ లాగ్ స్లాష్ ఆత్ డాట్ లాగ్’ (వార్ అంటే వీ, ఏ, ఆర్). ఫెడోరా, రాకీ లినక్స్ కుటుంబంలో అదే ఫోల్డర్‌లో ‘సెక్యూర్’. ఈ ఫైళ్లు లేని కొత్త వ్యవస్థల్లో ‘సుడో జర్నల్‌సీటీఎల్ హైఫన్ యూ ఎస్ఎస్‌హెచ్ హైఫన్ ఎఫ్’ కొట్టండి. ఫెడోరా వైపు ‘ఎస్ఎస్‌హెచ్’ బదులు ‘ఎస్ఎస్‌హెచ్‌డీ’. చివరి ‘హైఫన్ ఎఫ్’ వల్ల కొత్త వాక్యాలు పడుతూనే ఉంటాయి. దాన్ని అలా నడవనిచ్చి, రెండో చోటు నుంచి లాగిన్‌కు ప్రయత్నించండి. ఆ క్షణంలో పడిన రెండు మూడు వాక్యాలే మీ జవాబు.

‘ఇన్‌వాలిడ్ యూజర్’ అని ఉంటే పేరు తప్పు. ‘నాట్ లిస్టెడ్ ఇన్ అలౌ యూజర్స్’ అంటే లోపలికి రానివ్వవలసినవారి జాబితాలో మీ పేరు లేదు. ‘అకౌంట్ ఈజ్ లాక్డ్’ అంటే ఖాతాకు తాళం పడింది. ఏ వాక్యమూ పడకపోతే మీ పిలుపు ఈ కంప్యూటర్‌కు రావడమే లేదు. ఐపీ చిరునామా మారిపోయి వేరే యంత్రం తలుపు తడుతున్నారేమో చూడండి.

గాజువాక కుర్రవాడి చేత ఈ పని అరగంట తర్వాత గాని చేయించలేదు. తప్పు నాదే. రూటర్ అనీ, కీ అనీ అడుగుతూ పోయాను. చివరికి అతన్ని సర్వర్ గదిలోకి వెళ్లి మానిటర్ తగిలించమన్నాను. "ఒక్కో మాటా చదువు బాబూ, తొందర లేదు" అన్నాను. వాన చప్పుడులో, గొంతు పెంచి చదివాడు: "ఆథెంటికేషన్ రిఫ్యూజ్డ్... బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్ ఫర్ డైరెక్టరీ... స్లాష్ హోమ్ స్లాష్..." అక్కడ ఆగాడు. "సార్, సాయంత్రం బిల్లుల ఫోల్డర్‌లోకి ఎవరూ ఫైలు పెట్టలేకపోతుంటే నేను అన్నిటికీ 777 ఇచ్చాను. అదేనా?"

అదే.

అనుమతులు: ఎక్కువ చిక్కులు ఇక్కడే

‘సీహెచ్‌మోడ్ 777’ అంటే ఈ కంప్యూటర్‌లో ఎవరైనా చదవవచ్చు, రాయవచ్చు, నడపవచ్చు అని. ఏదైనా పనిచేయకపోతే 777 ఇచ్చి చూడమనే సలహా చాలా చోట్ల వినిపిస్తుంది. దాన్ని హోమ్ ఫోల్డర్ మీద ప్రయోగిస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. మీ హోమ్ ఫోల్డర్‌లో ఇతరులు రాయగలిగితే, మీ ‘డాట్ ఎస్ఎస్‌హెచ్’ ఫోల్డర్‌ను పక్కకు తోసి తమ కీతో ఇంకోటి పెట్టగలరు. తర్వాత మీ పేరుతో దర్జాగా లోపలికి వస్తారు. సర్వర్ ఆ ప్రమాదాన్ని చూసి, ఈ నమూనా సంతకాన్ని నేను నమ్మను అంటోంది. దాన్ని తిట్టుకోవలసిన పని లేదు.

సర్వర్ ఏం చూస్తుందో సరిగ్గా చెబుతాను. నమూనా సంతకాలు, అంటే పబ్లిక్ కీలు, ఉండే ‘ఆథరైజ్డ్ కీస్’ ఫైలు (రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది), అది ఉన్న ‘డాట్ ఎస్ఎస్‌హెచ్’ ఫోల్డర్, దానిపైన మీ హోమ్ ఫోల్డర్: ఈ మూడూ మీ పేరు మీదనో రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) పేరు మీదనో ఉండాలి. గ్రూపువాళ్లు గాని, ఇతరులు గాని రాయగలిగేలా ఉండకూడదు. చదవడం గురించి దానికి పట్టింపు లేదు. అందుకే హోమ్ 755 ఉన్నా పనిచేస్తుంది, 775 అయితే చాలా చోట్ల పనిచేయదు (5లో రాసే హక్కు లేదు, 7లో ఉంది). చాలామంది మూడో అంకె చూసి, మధ్యలోని గ్రూపు అంకెను వదిలేస్తారు. నేను చూసిన సందర్భాల్లో ఎక్కువసార్లు తప్పు ఆ మధ్య అంకె దగ్గరే ఉంది.

మూడింటినీ ఒకేసారి చూపించే మంచి కమాండ్ ‘నేమ్‌ఐ హైఫన్ ఎల్’, పక్కన ఆథరైజ్డ్ కీస్ ఫైలుకు పూర్తి దారి. స్లాష్ నుంచి ఫైలు దాకా ఒక్కో మెట్టుకూ ఒక్కో వరుస వస్తుంది. ప్రతి వరుస మొదట్లో అక్షరాల గుత్తి ఉంటుంది. ఫోల్డర్ అని చెప్పే ‘డీ’ని వదిలేసి మూడేసి చొప్పున విడదీయండి: మొదటి మూడు యజమానివి, తర్వాతి మూడు గ్రూపువి, చివరి మూడు అందరివి. రెండో, మూడో గుత్తిలో ‘డబ్ల్యూ’ కనిపిస్తే దొరికినట్టే.

సరిచేయడానికి: హోమ్‌కు ‘సీహెచ్‌మోడ్ గో-డబ్ల్యూ’, అంటే గ్రూపు, ఇతరుల నుంచి రాసే హక్కు తీసేయమని. జీ, ఓ, హైఫన్, డబ్ల్యూ అక్షరాలు ఖాళీ లేకుండా రావాలి. డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కు 700. ఆథరైజ్డ్ కీస్‌కు 600. కుర్రవాడి విషయంలో ఈ మూడు కమాండ్లతో లాగిన్ తిరిగి వచ్చింది. కానీ 777ను లోపలి ఫైళ్లన్నిటికీ పాకించాడు కాబట్టి, అక్కడున్న ప్రైవేట్ కీలకు కూడా 600 పెట్టించాను. బిల్లుల ఫోల్డర్‌ను హోమ్ నుంచి తీసి ‘స్లాష్ ఎస్ఆర్‌వీ’ కిందికి మార్పించి, ఆఫీసువాళ్లకు ఒక గ్రూపు కట్టి, ఆ గ్రూపుకు మాత్రమే రాసే హక్కు ఇప్పించాను. అసలు మొదటి సమస్యకు చేయవలసిన మందు అది.

యజమాని పేరు కూడా చూడండి. సుడోతో, అంటే రూట్ హక్కుతో, ఫైలు సృష్టిస్తే అది రూట్ పేరు మీద పడుతుంది. దానికి 600 పెడితే, మీ పేరుతో ఆ ఫైలు తెరవబోయిన సర్వర్‌కు అది చదవడమే కుదరదు. ‘సుడో సీహెచ్‌ఓన్’, పెద్ద అక్షరం ‘హైఫన్ ఆర్’, మీ పేరు, డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్ దారి కొట్టి మీ పేరు మీదికి మార్చండి.

ఫెడోరా, రాకీ కుటుంబంలో అంకెలన్నీ సరిగ్గా ఉన్నా తిరస్కరిస్తే ఎస్ఈలినక్స్ అనే అదనపు భద్రతా వ్యవస్థను అనుమానించండి. ఇది ప్రతి ఫైలుకూ ఒక చీటీ అతికిస్తుంది. బ్యాకప్ నుంచి తెచ్చినా, వేరే చోటు నుంచి జరిపినా పాత చీటీయే అంటుకుని రావచ్చు. ‘రెస్టోర్‌కాన్’, ‘హైఫన్’, పెద్ద ఆర్, చిన్న వీ, డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్ దారి కొడితే చీటీలు సరిపోతాయి. ఎస్ఈలినక్స్‌నే ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. అదీ 777 జాతి సలహానే.

నమూనా సంతకం చిరిగిందేమో

ఆథరైజ్డ్ కీస్‌లో ఒక్కో కీ ఒక్కో వరుస, ఎంత పొడవున్నా ఒకటే వరుస. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన కీని అతికించేటప్పుడు మధ్యలో వరుస తెగితే ఆ కీ చచ్చినట్టే. తెర వెడల్పు చాలక కిందికి మడత పడటానికీ, నిజంగా వరుస తెగడానికీ తేడా కంటికి తెలియదు. ‘డబ్ల్యూసీ హైఫన్ ఎల్’తో వరుసలు లెక్కపెట్టండి.

ఇంకొకటి దగ్గరగా చూడాలి. వీఐ ఎడిటర్ తెరిచి, ఐ అక్షరం నొక్కకుండానే కీని అతికించేవాళ్లున్నారు. కీ మొదటి అక్షరం ఎస్. వీఐలో ఎస్ అంటే కర్సర్ కింది అక్షరం తీసేసి రాయడం మొదలుపెట్టమనే ఆజ్ఞ. కాబట్టి ఎడిటర్ ఆ మొదటి ఎస్‌ను మింగి, రెండో ఎస్ నుంచి మిగతాదంతా బుద్ధిగా రాస్తుంది. ‘ఎస్ఎస్‌హెచ్’ అని మొదలవ్వాల్సిన వరుస ‘ఎస్‌హెచ్’ అని మొదలవుతుంది. కన్ను ఇట్టే దాటిపోతుంది.

కంటిని నమ్మకుండా వేలిముద్రలు, అంటే ఒక్కో కీని గుర్తుపట్టే పొట్టి గుర్తులు, పోల్చండి. ‘ఎస్ఎస్‌హెచ్-కీజెన్ హైఫన్ ఎల్ హైఫన్ ఎఫ్’, పక్కన ఆథరైజ్డ్ కీస్ దారి కొడితే, బాగున్న ప్రతి కీకీ ‘ఎస్‌హెచ్‌ఏ256’ అని మొదలయ్యే వేలిముద్ర వస్తుంది. చెడిన వరుసకు రాదు. అదే కమాండ్ మీ ల్యాప్‌టాప్‌లోని కీ మీద నడిపి రెండూ పోల్చండి. ‘డాట్ పబ్’ ఫైలు పోయిందా? ‘ఎస్ఎస్‌హెచ్-కీజెన్ హైఫన్ వై హైఫన్ ఎఫ్’, ప్రైవేట్ కీ పేరు కొడితే పబ్లిక్ కీ మళ్లీ తయారవుతుంది. విండోస్‌లో పుట్టీ వాడేవారి ‘పీపీకే’ కీని ఓపెన్ఎస్ఎస్‌హెచ్ రూపంలోకి మార్చుకోవాలి, పుట్టీజెన్‌లో ఆ సదుపాయం ఉంది.

పాస్‌వర్డ్ లాగిన్ ఇంకా పనిచేస్తుంటే చేత్తో అతికించే శ్రమే వద్దు. ‘ఎస్ఎస్‌హెచ్-కాపీ-ఐడీ’ కీని వరుస తెగకుండా చేర్చి, కొత్తగా సృష్టించిన ఫైలుకు అనుమతులు కూడా పెడుతుంది.

కీలు ఎక్కువైనా కష్టమే

పదిమంది ఖాతాదారుల సర్వర్లు చూసేవాళ్ల దగ్గర పది కీలుంటాయి. ఎస్ఎస్‌హెచ్ ఏజెంట్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి సర్వర్‌కు చూపిస్తుంది. సర్వర్ ఒక కనెక్షన్‌కు మామూలుగా ఆరు ప్రయత్నాలకే ఒప్పుకుంటుంది. మీ అసలు కీ ఏడోదైతే దాని వంతు రాకముందే ‘టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్’ అని తలుపు పడుతుంది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, సరైన కీ చేతిలోనే ఉంటుంది.

మీ ల్యాప్‌టాప్ డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని ‘కాన్ఫిగ్’ ఫైల్‌లో ఆ సర్వర్‌కు ‘హోస్ట్’ అని ఒక భాగం పెట్టి, దాని కింద ‘ఐడెంటిటీ ఫైల్’ అని కీ దారి, ‘ఐడెంటిటీస్ ఓన్లీ యెస్’ రాయండి. ఈ పేర్లను మాటల మధ్య ఖాళీ లేకుండా కలిపి రాయాలి. ఇక ఆ సర్వర్‌కు ఆ ఒక్క కీయే వెళుతుంది. యూజర్ పేరు, పోర్టు కూడా అక్కడే రాసుకుంటే తప్పులు ఇంకా తగ్గుతాయి.

పాత కీ, కొత్త సర్వర్

సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన మర్నాడే లాగిన్ పోతే కాలం తేడా చూడండి. 2021లో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 8.8 నుంచి ఎస్‌హెచ్‌ఏ1 అనే పాత పద్ధతితో చేసే ఆర్ఎస్ఏ రకం కీల సంతకాలకు సహజంగా ఒప్పుకోదు. ఉబుంటు 22.04లో ఉన్నది 8.9. ఆర్ఎస్ఏ కీలే పనికిరావని కాదు, పాత పద్ధతి సంతకమే చెల్లదు. లాగ్‌లో ‘పబ్‌కీ యాక్సెప్టెడ్ అల్గారిథమ్స్’లో లేదని రాసి ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ కొత్తదై, సర్వర్ పాతదైతే ‘హైఫన్ వీ’ చిట్టాలో ‘నో మ్యూచువల్ సిగ్నేచర్ అల్గారిథమ్’ అని వస్తుంది. డీఎస్ఏ అనే ఇంకో పాత రకం కీలైతే 2015లో వచ్చిన 7.0 నుంచే చెల్లుబాటు తగ్గింది, 2025లో వచ్చిన 10.0లో పూర్తిగా తీసేశారు.

మందు: ‘ఎస్ఎస్‌హెచ్-కీజెన్ హైఫన్ టీ ఈడీ25519’తో కొత్త కీ. 2014లో వచ్చిన 6.5 నుంచి ఇది ఉంది. కీ చిన్నది, అతికించేటప్పుడు తెగే బాధా తక్కువ. మార్చడానికి వీల్లేని పాత యంత్రం ఒక్కటి ఉంటే, దాని ‘హోస్ట్’ భాగంలో మాత్రమే పాత పద్ధతికి అనుమతి ఇవ్వండి. అందరికీ వర్తించేలా రాయకండి.

సర్వర్ సెట్టింగులు

‘స్లాష్ ఈటీసీ స్లాష్ ఎస్ఎస్‌హెచ్ స్లాష్ ఎస్ఎస్‌హెచ్‌డీ-కాన్ఫిగ్’ ఫైలు (రెండు మాటల మధ్య హైఫన్ కాదు, అండర్‌స్కోర్) చదివి అంతా సరిగ్గా ఉందనుకోవడం చాలదు. ఒక సెట్టింగు రెండు చోట్ల ఉంటే మొదట కనిపించినదే చెల్లుతుంది. ఉబుంటులో ఈ ఫైలు పై భాగంలోనే పక్క ఫోల్డర్‌లోని చిన్న ఫైళ్లను పిలిచే వరుస ఉంటుంది. అక్కడ ఎవరో రాసిన మాట కింద మీరు రాసినదాన్ని నెగ్గుతుంది. అందుకని ‘సుడో ఎస్ఎస్‌హెచ్‌డీ’, పెద్ద అక్షరం ‘హైఫన్ టీ’ కొట్టండి. అమలులోకి వచ్చే విలువలన్నీ ఒకేచోట పడతాయి. అందులో పబ్‌కీ ఆథెంటికేషన్, ఆథరైజ్డ్ కీస్ ఫైలు దారి, అలౌ యూజర్స్, పర్మిట్ రూట్ లాగిన్ చూడండి. మార్పు చేశాక రీస్టార్ట్‌కు ముందు చిన్న అక్షరం ‘హైఫన్ టీ’తో అదే కమాండ్ నడపండి. అది మౌనంగా ఉంటే రాతలో తప్పు లేదు.

హోమ్ ఫోల్డర్‌ను ఎన్‌క్రిప్ట్ చేసిన యంత్రాల్లో ఒక వింత కనిపిస్తుంది: అక్కడ ఎవరైనా లాగిన్ అయి ఉంటే మీ కీ పనిచేస్తుంది, లేకపోతే పనిచేయదు. తాళం వేసిన బీరువాలోనే నమూనా సంతకం ఉండటం దీనికి కారణం. ఆథరైజ్డ్ కీస్ ఫైలును ఈటీసీ కింద వేరే చోట పెట్టి, సెట్టింగులో ఆ దారి రాయాలి.

ఇంకా దొరకకపోతే

సర్వర్‌లో రూట్ హక్కుతో ‘స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ ఎస్‌బిన్ స్లాష్ ఎస్ఎస్‌హెచ్‌డీ హైఫన్ డీ హైఫన్ పీ 2222’ కొట్టండి. అసలు సేవకు ఏ అంతరాయం లేకుండా 2222 పోర్టు మీద రెండో సేవ లేస్తుంది. పూర్తి దారి ఇవ్వకపోతే లేవదు. ల్యాప్‌టాప్ నుంచి ‘హైఫన్ పీ 2222’ చేర్చి ప్రయత్నించండి. ఫైర్‌వాల్ ఆ పోర్టును అడ్డుకోకుండా చూసుకోండి. సర్వర్ ఏ ఫైలు తెరిచింది, ఏ వరుసలో కీని పోల్చింది, ఎక్కడ కాదంది అన్నీ మీ కళ్లముందే చెబుతుంది. ఒక్క కనెక్షన్ తర్వాత దానంతటదే ఆగిపోతుంది. 2222 మీద లాగిన్ అయి, 22 మీద కాకపోతే, మళ్లీ ఎస్ఈలినక్స్ వైపే చూడండి. చేత్తో లేపిన సేవకు దాని కట్టుబాట్లు అదే విధంగా వర్తించవు.

లాగిన్ అయ్యాక లాగ్‌లో ‘యాక్సెప్టెడ్ పబ్లిక్‌కీ ఫర్’ అని మీ పేరు, పక్కన కీ వేలిముద్ర పడతాయి. అది మీ ల్యాప్‌టాప్‌లోని వేలిముద్రతో సరిపోయిందో చూడండి. మధ్యలో పరీక్ష కోసం పెట్టిన కీలు ఆథరైజ్డ్ కీస్‌లో మిగిలి ఉంటే తీసేయండి, ఫైర్‌వాల్‌లో 2222 తెరిచి ఉంటే మూసేయండి. ఇంకో కొత్త విండోలోంచి మరొకసారి లాగిన్ అయి చూసి, అప్పుడు ఆ పాత విండో మూయండి.